అన్నం మానక్కర్లేదు: మన వంటింట్లోనే బరువు తగ్గే అలవాట్లు నిలబెట్టుకోవడం ఎలా?

బరువు తగ్గాలనుకున్న తెలుగువాళ్లలో చాలామంది మొదట చేసే పని అన్నం మానేయడం. పొద్దున్నే వేడినీళ్లలో నిమ్మకాయ, తేనె; రాత్రికి రెండు పుల్కాలు; మధ్యలో ఆకలిని అదిమిపెట్టుకోవడం. మూడు వారాల్లో రెండు మూడు కిలోలు తగ్గుతారు కూడా. ఆ తర్వాత ఒక పెళ్లి వస్తుంది, ఒక పండగ వస్తుంది, ఆఫీసులో టెన్షన్ పెరిగి నిద్ర చెడే వారం ఒకటి వస్తుంది. పద్ధతి గాడి తప్పుతుంది. తగ్గిన బరువు తిరిగి వచ్చేస్తుంది, పైగా "నాకు మనోబలం లేదు" అనే నింద మిగులుతుంది.

ఆ నింద అన్యాయం. మన వంటింటికీ, మన పని వేళలకూ, మన చుట్టరికాలకూ ఇమడని పద్ధతి ఎంత గట్టి మనిషి దగ్గరైనా నిలవదు. అందుకే ఇక్కడ చెప్పే ప్రతి మార్పుకూ ఒకే పరీక్ష పెట్టాను: ఇంట్లో చుట్టాలున్న రోజున, పని నుంచి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరిన రోజున కూడా దీన్ని చేయగలమా? చేయలేమనిపించిన వాటిని వదిలేశాను.

ఒక మాట ముందే చెప్పాలి. షుగర్‌కు మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్లు తిండి తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు మోతాదు గురించి ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా అంతే. కారణం తెలియకుండా ఒక్కసారిగా బరువు పెరిగినా, తగ్గినా థైరాయిడ్ లాంటి పరీక్షలు చేయించుకున్నాకే మిగతా సంగతి.

మొదటి అడుగు: నడుము కొలవండి

తూకం ఒక్కటే చాలదు. మన దేశంలో చాలామందికి చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట దగ్గరే కొవ్వు చేరుతుంది. షుగర్‌కూ గుండెజబ్బుకూ దారితీసేది ఎక్కువగా ఆ కొవ్వే. అందుకే భారతీయులకు పెట్టిన హద్దులు పాశ్చాత్యుల కంటే తక్కువ. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. బీఎంఐ (కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తును రెండుసార్లు హెచ్చించిన అంకెతో భాగిస్తే వచ్చేది) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. 5 అడుగుల 5 అంగుళాల మనిషికి లెక్క వేస్తే 63 కిలోల దగ్గర మొదటి హద్దు, 68 దగ్గర రెండోది వస్తాయి.

కుట్టుమిషన్ దగ్గరుండే టేపు చాలు. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, పొట్ట లోపలికి లాగకుండా, ఊపిరి వదిలాక కొలవండి. నెలకొకసారి చాలు. బరువైతే పొద్దున కాలకృత్యాలయ్యాక, ఏమీ తాగకముందు చూసుకోవాలి. ముందు రాత్రి ఆవకాయ గట్టిగా తింటే ఆ ఉప్పు పట్టి ఉంచిన నీటికే మర్నాడు తూకంలో కిలో తేడా రావచ్చు; అది కొవ్వు కాదు. కాబట్టి ఏ ఒక్క రోజు అంకెనూ పట్టించుకోకండి, వారం సగటు చూడండి.

లక్ష్యం పెద్దది పెట్టుకోవద్దు. 80 కిలోల మనిషి ఆరు నెలల్లో 4 నుంచి 6 కిలోలు తగ్గితే బీపీలో, షుగర్‌లో మార్పు కనిపించే అవకాశం బాగా ఉంటుంది. 2002లో ఫలితాలు వెలువడిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో, షుగర్ అంచున ఉన్నవాళ్లకు పెట్టిన లక్ష్యం 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. ఆ బృందంలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. 2006లో వెలువడిన మన దేశపు అధ్యయనం నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. అందులో తిండి, నడక మార్చుకున్నవాళ్లకు బరువు చెప్పుకోదగ్గంత తగ్గకపోయినా షుగర్ ముప్పు 28.5 శాతం తగ్గింది. ముల్లు కదలని నెలల్లో ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రెండో అడుగు: వారం రోజులు ఏమీ మార్చకండి, రాయండి

ఒక చిన్న నోట్‌బుక్కో, ఫోన్‌లో నోట్సో. ఏం తిన్నారు, ఎన్ని గంటలకు, నిజంగా ఆకలేసిందా లేదా. అంతే. కేలరీల లెక్క వద్దు. వంట చేస్తూ రుచి చూసిన వేపుడు ముక్కలు, పిల్లలు వదిలేసిన దోసె, ఆఫీసులో ఎవరో పుట్టినరోజుకు పంచిన స్వీటు కూడా రాయాలి.

ముఖ్యంగా ఇల్లు చూసుకునే ఆడవాళ్ల పుస్తకంలో ఒక విషయం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మధ్యాహ్నం రెండున్నరకు అందరి భోజనాలూ అయ్యాక, గిన్నెలో మిగిలింది పారేయలేక తినేయడం. అన్నం పారబోయకూడదని పెంచిన ఇళ్లు మనవి, ఆ గౌరవం మంచిదే. కానీ ఆ గౌరవాన్ని ఒక్క మనిషి పొట్టే మోయాల్సిన పనిలేదు. మిగిలిన అన్నం వెంటనే చిన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే మర్నాటి పులిహోరకు పనికొస్తుంది. ఇంకా మంచిది, వారం రాసిన పుస్తకం చూసి ఎసట్లో పోసే బియ్యమే గుప్పెడు తగ్గించడం.

మూడో అడుగు: నూనె క్యాన్ మీద తేదీ వేయండి

కొవ్వు గ్రాముకు 9 కేలరీలు, పిండిపదార్థాలూ ప్రొటీనూ 4 చొప్పున. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 కేలరీలుంటాయి. తాలింపులో ఆ చెంచా రెండైనా నాలుకకు తెలియదు. ఎవరికీ నోరు కట్టేసిన భావన రాకుండా తగ్గించగల చోటు ఇదే కాబట్టి, నా లెక్కలో వంటింటి మార్పుల్లో మొదటిది నూనె.

నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్ల క్యాన్ ఖాళీ అవుతోందనుకుందాం. మనిషికి రోజుకు దాదాపు 42 మిల్లీలీటర్లు, అంటే 340 కేలరీలు. అదే 3 లీటర్లకు తెస్తే మనిషికి రోజుకు 25 మిల్లీలీటర్లు, 200 కేలరీల పైచిలుకు. అన్నం మెతుకు తగ్గించకుండానే ఇంటిల్లిపాదికీ తలకు 130 కేలరీలకు పైగా తగ్గాయి. కూర్చుని పనిచేసే మనిషికి రోజుకు 20–25 గ్రాముల నూనె చాలు. 3 లీటర్ల లెక్క సరిగ్గా అక్కడికే వస్తుంది.

చేయాల్సింది ఇది. కొత్త క్యాన్ తెరిచిన రోజు దాని మీద తేదీ రాయండి. రోజువారీ వాడకానికి చిన్న సీసాలోకి పోసుకుని, మూకుట్లోకి సీసా వంపకుండా చెంచాతో వేయండి. దొండకాయ, బెండకాయ, వంకాయ వేపుళ్లే ఎక్కువ నూనె తాగుతాయి. వేపుడు వారానికి రెండు రోజులకు పెట్టుకుని మిగతా రోజులు ఇగురు, పులుసు, పప్పుకూర, ఆవపెట్టిన కూర చేసుకోవచ్చు. కాచిన నూనెను మళ్లీ మళ్లీ కాచడం మాత్రం పూర్తిగా మానాలి. ఆవకాయ వద్దనను; ముక్క, పిండి వేసుకోండి, పైన తేలే నూనె జాడీలోనే ఉండనివ్వండి.

నాలుగో అడుగు: అన్నం ఒక్కసారే వడ్డించుకోండి

మన భోజనం ఒక వరసలో నడుస్తుంది. పప్పుతో కొంచెం అన్నం, కూరతో కొంచెం, పచ్చడీ నెయ్యితో రెండు ముద్దలు, పులుసో చారో పోసుకుని మళ్లీ, చివర పెరుగన్నం. ప్రతి ఆధరువూ తన వాటా అన్నం అడుగుతుంది. "నేను కొంచెమే తింటానండీ" అనే మనిషి అబద్ధం చెప్పడం లేదు, ప్రతిసారీ కొంచెమే పెట్టుకుంటారు, అయితే ఐదుసార్లు. ఒక్కో విడతకు 100 గ్రాముల అన్నమే అనుకున్నా మొత్తం అర కిలో. 100 గ్రాముల వండిన అన్నంలో సుమారు 130 కేలరీలుంటాయి కాబట్టి, అన్నం ఒక్కదాని నుంచే 650 వచ్చి చేరతాయి. రాత్రి భోజనం కూడా ఇదే వరసలో నడిస్తే రోజు మొత్తానికి 1,300.

దీనికి మందు అన్నం మానడం కాదు, విడతలు తగ్గించడం. పొలం పనికి పుట్టిన భోజనం ఇది. కుర్చీలో కూర్చునేవాళ్లం అదే రుచిని తక్కువ అన్నంతో అందుకోవాలి.

ఇంట్లో ఒక గిన్నె ఎంచుకోండి, దాదాపు 200 గ్రాముల అన్నం పట్టేది. ఆ గిన్నెడు అన్నం మొత్తం ఒకేసారి కంచంలో పెట్టుకోండి. ఆ పూటకు అదే. ఇప్పుడు దాన్ని ఎలా పంచుకోవాలో మీ ఇష్టం. నేనైతే ఇలా చెబుతాను: ముందు కూర, ఏ నెయ్యీ అన్నం లేకుండా, కప్పుడు తినేయండి. మామూలుగా వేసుకునేదానికి రెట్టింపు వేసుకోవచ్చు, నూనె తగ్గించారు కాబట్టి. తర్వాత పప్పన్నం, అందులో పప్పు ఎక్కువ, అన్నం తక్కువ. చారు గ్లాసులో పోసుకుని తాగండి. మిరియాల చారైతే అలా తాగితేనే బాగుంటుంది. చివర పెరుగుకు నాలుగు ముద్దల అన్నం మిగుల్చుకోండి, లేదా పల్చటి మజ్జిగతో ముగించండి. పెరుగన్నం లేనిదే తిన్నట్టు ఉండదనేవాళ్లు పప్పు దగ్గర తగ్గించుకోవద్దు, పచ్చడి అన్నం దగ్గర తగ్గించుకోండి.

మొదటి నాలుగైదు రోజులు ఏదో వెలితిగా ఉంటుంది. కూర రెట్టింపు చేయడం మరిచిపోయినవాళ్లకు ఆ వెలితి పోదు, సాయంత్రానికి బజ్జీల బండి దగ్గర తేలుతుంది. కాబట్టి అన్నం తగ్గించే ముందే కూరగాయలు ఎక్కువ తెచ్చుకోవాలి. ఆకుకూర రోజూ ఏదో ఒకటి ఉండాలి: తోటకూర, పాలకూర, గోంగూర, బచ్చలి, చుక్కకూర.

అన్నానికి బదులు చపాతీ అంటారు చాలామంది. నూనె వేసి కాల్చిన రెండు చపాతీలు గిన్నెడు అన్నానికి దాదాపు సమానం. అన్నం మానిన కష్టం తప్ప మిగిలేది పెద్దగా లేదు. దంపుడు బియ్యం, కొర్రలు, జొన్నరొట్టె సంగతి వేరు. గ్రాముకు కేలరీలు తెల్ల బియ్యానికి దగ్గరగానే ఉన్నా, పీచు వల్ల తొందరగా కడుపు నిండుతుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. తెలంగాణ ఇళ్లలో జొన్నరొట్టె, రాయలసీమలో రాగిసంకటి ఎలాగూ ఉన్నవే. అలవాటున్నవాళ్లు తిరిగి తెచ్చుకోండి. ఎప్పుడూ తినని వాళ్లు ఆరోగ్యం పేరుతో కష్టపడి మింగాల్సిన అవసరం లేదు.

ఐదో అడుగు: ప్రొటీన్ లోటు తీర్చండి

పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ అవసరమని 2020లో భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నిర్ణయించాయి. 70 కిలోల మనిషికి ఇది 58 గ్రాములు. బరువు తగ్గే రోజుల్లో దీనికంటే తక్కువ తింటే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. మొహం పీక్కుపోయి, మెట్లెక్కితే కాళ్లు లాగేది అందుకే.

పల్చటి పప్పుచారు తిని ప్రొటీన్ అందిందనుకోవద్దు. 30 గ్రాముల కందిపప్పు ఉడికిస్తే కప్పుడు ముద్దపప్పు అవుతుంది, అందులో వచ్చేది 6–7 గ్రాములు. గుడ్డుకు 6. శాకాహారులకు ఒక రోజు ఇలా గడవొచ్చు: ఉదయం 50 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లు, 12 గ్రాములు, రెండు పూటలా కప్పుడు పప్పు, 13, రెండు కప్పుల పెరుగు, 10, ఏదో ఒక పూట కూరలో 30 గ్రాముల మీల్ మేకర్, 15. మిగతాది అన్నం, కూరల నుంచే వచ్చేస్తుంది. టిఫిన్లలో పెసరట్టుకు సాటి లేదని నా గట్టి అభిప్రాయం, ఉప్మాతో కలిపి తిననంతవరకు. చేపలు తినేవాళ్లు అదృష్టవంతులు. పులుసు పెట్టుకుంటే నూనె తక్కువలోనే 100 గ్రాములకు 18–20 గ్రాములు దొరుకుతాయి. చికెన్ కూడా అంతే, ఫ్రై చేయకపోతే. పల్లీల్లో ప్రొటీన్ ఉన్నమాట నిజమే గానీ 100 గ్రాములకు 560 కేలరీలు దాటుతాయి. కాబట్టి పల్లీ చట్నీని చట్నీలాగే వాడాలి, ఇడ్లీని అందులో ముంచి తేల్చకూడదు.

ఆరో అడుగు: టీ, సాయంత్రం ఐదు గంటలు

రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార: 40 గ్రాములు, 160 కేలరీలు. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి, చిరాకు. వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తూ వస్తే నెల తిరిగేసరికి పాత టీ తాగితే పానకంలా అనిపిస్తుంది. బెల్లం వేసుకున్నా కేలరీలు దాదాపు అవే.

సాయంత్రం ఐదింటి ఆకలి నిజమైనదే, దాంతో పోట్లాడకండి. దానికి ముందే జవాబు సిద్ధం చేసి ఉంచాలి. రాత్రి శనగలో, బొబ్బర్లో, పెసలో నానబోసి పొద్దున కుక్కర్‌లో రెండు విజిల్స్ ఎక్కువ రానిస్తే సాయంత్రానికి గుగ్గిళ్లు తయారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలుపుకుంటే చాలు. ఆఫీసుకైతే డబ్బాలో పట్టుకెళ్లండి. జామకాయ, బత్తాయి, ఉడికించిన మొక్కజొన్న కూడా మంచివే. మిక్స్చర్, చేగోడీల డబ్బా చేతికందే అరలో ఉంటే ఎవరి చెయ్యైనా అటే పోతుంది. స్టూలు వేసుకుని తీయాల్సినంత ఎత్తున పెట్టండి.

ఏడో అడుగు: నడక

70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 120–150 కేలరీలు, అంటే మనం పైన చూసిన ఒక పెద్ద చెంచా నూనె. నడిచి వచ్చి హోటల్లో పూరీ తింటే నడక లెక్క అక్కడే తీరిపోతుంది. అయినా నడక మానకూడదు. భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడిస్తే రక్తంలో చక్కెర అంతగా ఎగబాకదు, నిద్ర బాగుపడుతుంది, తగ్గిన బరువు తిరిగి రాకుండా ఆగుతుంది.

వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు పని: ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇంతే. పదివేల అడుగుల లెక్క ఏ వైద్యుడూ పెట్టింది కాదు, 1965లో జపాన్‌లో ఒక అడుగుల మీటర్ అమ్మకానికి పెట్టినప్పుడు ప్రచారంలోకి వచ్చింది. ఇప్పుడు మూడు వేలు నడుస్తున్నవాళ్లు ఐదు వేలకు వస్తే అదే పెద్ద లాభం.

సమయం దొరకదన్నవాళ్లకు నా సలహా, నడకను ఇప్పటికే జరుగుతున్న పనికి కట్టేయండి. రాత్రి కంచం కడిగిన వెంటనే చెప్పులు వేసుకోవడం. ఫోన్ మోగితే లేచి నడుస్తూ మాట్లాడటం. ఎండాకాలంలో పొద్దున ఆరు దాటితే మన ఊళ్లలో నడవలేం. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి భోజనం తర్వాతి నడకనే అసలు నడకగా పెట్టుకోండి, లేదంటే మేడ మీద. అమెరికాలో, కెనడాలో ఉండేవాళ్లకు చలికాలం ఇదే కష్టం తెస్తుంది, వాళ్లకు ఇంట్లోని మెట్లు, షాపింగ్ మాల్ వరండాలు దిక్కు.

ఇల్లాలు నడకకు వెళ్లాలంటే ఆ అరగంట స్టవ్ దగ్గర ఇంకెవరో నిలబడాలి. ఈ సంగతి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోకుండా "నువ్వూ నడవొచ్చుగా" అనడం సలహా అనిపించుకోదు.

ఎనిమిదో అడుగు: వారానికి రెండు రోజులు బలం

జిమ్ అక్కర్లేదు. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం; గోడకు చేతులానించి పది పుష్‌అప్స్; మడమలెత్తి పదిహేనుసార్లు నిలబడటం; రెండు నీళ్ల సీసాలు పట్టుకుని భుజాల పైకి ఎత్తడం. ఈ వరస రెండుసార్లు చేస్తే పావుగంట. తేలికైపోయాక కుర్చీ తీసేసి గుంజీలు తీయండి, గోడ బదులు వంటగట్టుకు చేతులానించండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పూర్తిగా కిందికి దిగవద్దు. నలభై దాటినవాళ్లకు నడకతోపాటు దీని అవసరమూ ఉంటుంది, కానీ ఎక్కువమంది వదిలేసేది కూడా దీన్నే.

నిద్ర గురించి ఒక్క మాట: ఏడు గంటలు తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది, అదీ తీపి మీదికి, నూనె వంటల మీదికి పోతుంది. రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు తిండి కంటే ముందు నిద్రకు చీకటి గది చూసుకోవాలి.

పండగలు, పెళ్లిళ్లు, మొహమాటం

"ఇంకొంచెం వేసుకో అమ్మా, ఏం తిన్నావని" అన్న అత్తయ్యకు వద్దని చెప్పడం కష్టం, చెప్పినా వినరు. మొదటిసారే సగం పెట్టించుకోండి. రెండోసారి వడ్డించినప్పుడు కాదనక్కర్లేకుండా పోతుంది. ఆవిడ మనసూ నిండుతుంది, మీ లెక్కా తప్పదు. పెళ్లి భోజనంలో నిజంగా ఇష్టమైనవి రెండు ఎంచుకుని తృప్తిగా తినండి. బిర్యానీ ప్లేటు ఇద్దరు పంచుకోండి. సంక్రాంతికి అరిసెలు, సకినాలు తినాల్సిందే; పండగ మూడు రోజులు. డబ్బా నెలాఖరు దాకా ఇంట్లో కూర్చోవడమే చేటు. కనుమ మర్నాడే చుట్టుపక్కలవాళ్లకు పంచేయండి.

ఏది ముందు, ఏది తర్వాత

అన్నీ ఒకే సోమవారం మొదలుపెట్టవద్దు. మొదటి వారం రాయడం. తర్వాత మూడు వారాలు టీలో పంచదార, రాత్రి నడక. రెండో నెల నూనె, దాంతోపాటు కూర రెట్టింపు. అది కుదిరాక అన్నం గిన్నె. మూడో నెల బలం. లండన్ యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 96 మందిని గమనించిన అధ్యయనంలో ఒక అలవాటు దానంతటదే జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, లెక్క ప్రకారం కొందరికి 254 దాకా. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదని కూడా అందులోనే తేలింది. కాబట్టి తప్పిన పూట గురించి బాధపడి మర్నాడు ఉపవాసం ఉండొద్దు. తర్వాతి పూట మామూలుగా, అదే గిన్నెతో తినండి.

రెండు మూడు నెలలకు బరువు ఒకచోట ఆగుతుంది. ఒళ్లు తేలికయ్యాక దానికి కావాల్సిన శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి ఇది అందరికీ జరిగేదే. నడుము తగ్గుతూ ఉంటే ఏమీ మార్చకండి. నడుము కూడా ఆరు వారాలు కదలకపోతే మళ్లీ ఒక వారం రాయండి, నూనె క్యాన్ మీది తేదీ చూడండి, బయట ఎన్నిసార్లు తిన్నారో లెక్కపెట్టండి. ఈ మూడింట్లో ఏదో ఒకచోట జారినట్టు తరచుగా తేలుతుంది. అనుకున్న బరువుకు చేరాక కూడా తూకం చూసుకోవడం మానవద్దు. వారం సగటు రెండు కిలోలు పెరిగిన రోజున రాత్రి పూట గిన్నె, నూనె చెంచా ఈ రెండే నెల రోజులు గట్టిగా పట్టుకుంటే చాలు.